గుండె ఆపరేషన్‌లో రక్తం పొదుపు: మందు మేలా, యంత్రం మేలా?

గుండె ఆపరేషన్‌కు తేదీ ఖరారు కాగానే రక్తదాతలను సిద్ధం చేసుకొమ్మని రోగి బంధువులకు చెప్పడం మన ఆసుపత్రుల్లో మామూలే. అయితే, బయటి రక్తం అవసరాన్ని తగ్గించేందుకు థియేటర్‌లోనే అనుసరించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వీటిని తూచేటప్పుడు ఎంత రక్తం మిగిలిందన్న లెక్క ఒక్కటే చూస్తే పొరబడతామనడానికి అప్రోటినిన్ అనే మందు ఉదంతమే సాక్ష్యం.

ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసే ఈ మందుకు రక్తస్రావాన్ని అరికట్టడంలో గొప్ప పేరుండేది. కెనడాలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న 2,331 మంది రోగులపై జరిగి 2008లో ఫలితాలు వెలువడిన బార్ట్ ట్రయల్‌లో సైతం తీవ్ర రక్తస్రావం ఈ మందు తీసుకున్నవారిలోనే కొంత తక్కువగా కనిపించింది. కాని 30 రోజుల్లోపు మరణాలు వీరిలో 6 శాతం కాగా, రక్తస్రావాన్ని తగ్గించే మరో మందైన ట్రానెక్సామిక్ యాసిడ్ తీసుకున్నవారిలో 3.9 శాతమే. అందుకే ఆ ట్రయల్‌ను 2007లో మధ్యలోనే ఆపివేశారు; అదే ఏడాది మందు అమ్మకాలూ నిలిచిపోయాయి. ఆ విశ్లేషణపై అభ్యంతరాలు వచ్చిన మీదట కెనడా, ఐరోపా పరిమిత వాడకానికి మళ్ళీ అనుమతించిన మాట నిజమే గాని, మొదటి ఎంపికగా దానిని తలచవలసిన అవసరం ఇప్పుడు లేదు.

ట్రానెక్సామిక్ యాసిడ్ మీద ఉన్న ప్రధాన అనుమానం, రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుందేమోనన్నది. బైపాస్ చేయించుకునే 4,631 మందిపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో ఆ అనుమానం రుజువు కాలేదు. పైగా రక్తస్రావం వల్ల ఛాతీని మళ్ళీ తెరవవలసి వచ్చినవారు 2.8 శాతం నుంచి 1.4 శాతానికి తగ్గారు. అసలు చిక్కు ఫిట్స్‌తో వచ్చింది: అవి 0.1 శాతం నుంచి 0.7 శాతానికి పెరిగాయి. మోతాదు హెచ్చినకొద్దీ ఈ ముప్పు పెరుగుతుందని, మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో మోతాదు తగ్గించాలని వైద్యులు భావిస్తారు.

సెల్ సేవర్ అనే యంత్రం పని వేరు. కోసిన చోట ఊరే రక్తాన్ని, గడ్డకట్టకుండా హెపారిన్ కలుపుతూ పీల్చుకొని, గిన్నెలో వేగంగా తిప్పి, సెలైన్‌తో కడిగి, ఎర్రకణాలను మాత్రమే తిరిగి రోగికి ఇస్తుంది. ఆ కడుగుడులో ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ప్రోటీన్లు పోతాయి; కాబట్టి లీటర్ల కొద్దీ కడిగి ఎక్కిస్తే రక్తం గడ్డకట్టే గుణమే తగ్గుతుంది. పైగా అది కారిన రక్తాన్ని కాపాడుతుందే తప్ప కారడాన్ని ఆపదు. రోగి రక్తాన్నే ముందుగా కొంత తీసి, ద్రవాలతో భర్తీ చేసి, చివర్లో తిరిగి ఎక్కించే పద్ధతి కూడా ఉంది గాని, 2025లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో దానివల్ల రక్తమార్పిడి చెప్పుకోదగినంత తగ్గలేదు.

నా దృష్టిలో మితమైన మోతాదులో ట్రానెక్సామిక్ యాసిడ్ ముందుండాలి. రెండోసారి ఛాతీ తెరిచే ఆపరేషన్ల వంటి, రక్తం బాగా పోయే సందర్భాల్లో సెల్ సేవర్ దానికి తోడుండాలి. ఈ రెండూ ఉన్నప్పటికీ, హిమోగ్లోబిన్ 9.5 కన్నా తగ్గగానే రక్తం ఎక్కించే అలవాటు మారకపోతే పొదుపు దక్కదు. 7.5 దాకా ఆగినా హాని పెరగలేదని 2017 నాటి ట్రిక్స్-3 ట్రయల్ తేల్చింది. అంతకు రెండేళ్ల ముందు వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో మాత్రం ఆగినవారిలో మరణాలు కాస్త ఎక్కువగా నమోదయ్యాయి గనుక, ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకోకుండా రోగి పరిస్థితిని కూడా చూసి నిర్ణయించడం మేలు.