పత్తమడై తుంగ చాప: ఎనిమిది నెలల వాడకం తరువాత

గత ఏప్రిల్‌లో మైలాపూరు మాడవీధుల దగ్గరున్న ఒక చేతివృత్తుల దుకాణంలో ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల పత్తమడై చాపను 1,400 రూపాయలకు కొన్నాను. చెన్నై ఉక్కపోతలో ప్లాస్టిక్ చాప వీపుకు అంటుకుంటుంది. ఇది చెమటను పీల్చుకుని తెల్లవారేదాకా చల్లగా ఉంటుంది. నిలువుగా సాగే పడుగు నూలుదారం, దానికి అడ్డంగా నేసే పేక తుంగపుల్ల. ఇన్ని నెలల్లో ఒక్క పుల్ల కూడా జారలేదు.

నాకు నచ్చనిది చాపకు కట్టిన చీటీ. దానిమీద ‘సహజ గడ్డి చాప’ అని మాత్రమే ఉంది. ఇది గడ్డి కాదు. తమిళులు కోరై అనీ మనం తుంగ అనీ పిలిచే మొక్క ఇది. గడ్డికాడ సాధారణంగా గుండ్రంగా, కణుపుల మధ్య బోలుగా ఉంటే, తుంగకాడ మూడు పలకలుగా, లోపల బెండుతో నిండి, నడుమ కణుపన్నది లేకుండా పెరుగుతుంది కనుకనే నేతకు అంత పొడవైన నున్నని పేక దొరుకుతుంది. 1773లో డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు రాట్‌బోల్ సైపరస్ పాంగోరై అని పేరు పెట్టిన ఈ జాతి భారతదేశం, శ్రీలంక, నేపాల్‌లలో నదుల ఒడ్డునా చెరువుల కింది తడినేలల్లోనూ సహజంగా పెరుగుతుంది. పత్తమడై తిరునల్వేలి జిల్లాలో, తామ్రపర్ణి నదికి చేరువలో ఉంది. అక్కడి నేతకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పొలాల్లో రైతును వేధించే తుంగముస్త దీనికి దాయాదే గాని ఇదే మొక్క కాదు. మా నాయనమ్మ ఈ రెండింటినీ ఆకు చూడకుండా, కాడను వేళ్ళతో నలిపే చెప్పేది. ఇంత దగ్గరి మొక్క పేరును చీటీమీద రాయకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

కాడలను రోజుల తరబడి పారే నీటిలో నానబెట్టి, దారమంత సన్నగా చీల్చి నేసే మేలురకం చాపలూ అక్కడ ఉన్నాయి. వాటి ధర వేలల్లో ఉంటుంది. నాది మధ్యరకం, రోజూ పడుకోవడానికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

నవంబరు వానల్లో గోడవైపు అంచుకు బూజు పట్టింది. తడిగుడ్డతో తుడిచినప్పుడు ఎర్ర అంచు రంగు కొద్దిగా దిగింది, కాబట్టి రంగు లేని చాపనే ఎంచుకోమంటాను. తుడిచాక నీడలో ఆరబెట్టాలి. మడతపెడితే పుల్ల విరుగుతుంది కనుక చుట్టి, గోడకు తగలకుండా నిలబెట్టాలి.