ట్యాలీ ప్రైమ్ సిల్వర్ రివ్యూ: సొంతంగా అకౌంట్స్ పని మొదలుపెట్టేవాళ్ళు కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

బీకాం పూర్తిచేసి, ఏడాదో ఏడాదిన్నరో ఎవరి దగ్గరో బిల్లులు ఎక్కించి, ఇక నాలుగు షాపుల లెక్కలు సొంతంగా రాసుకుందాం అనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ట్యాలీ అనే అకౌంటింగ్ ప్రోగ్రామ్ గురించే. మన దగ్గర ఈ పనికి పేరే ‘ట్యాలీ వర్క్’ అయిపోయింది. అనుభవం తక్కువ ఉన్నవాళ్ళ చేతిలో ఈ ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది అన్నదే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తాం: తీసుకోదగ్గదే. కానీ మొదటి రోజే పూర్తి ధర పెట్టి కొనాల్సిన అవసరం లేదు. డెబిట్, క్రెడిట్ సమానంగా ఉంటే ట్యాలీ ఏ ఎంట్రీనైనా తీసుకుంటుంది. అది సరైన ఎంట్రీయా అని అడగదు. కొత్తవాళ్ళ ఇబ్బందులన్నీ అక్కడే పుడతాయి.

ముందు డబ్బు సంగతి. ఒక కంప్యూటర్‌కి సరిపోయే సిల్వర్ లైసెన్స్ 22,500 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 26,550. మొదటి ఏడాది అప్‌డేట్లు అందులోనే వస్తాయి. తర్వాత ఏటా అప్‌డేట్ల సభ్యత్వమైన టీఎస్‌ఎస్ రెన్యువల్ 4,500, పన్నుతో 5,310. అద్దెకైతే నెలకు 750, పన్నుతో 885. రేట్లు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు కోట్ అడగండి, లెక్క మాత్రం ఇలాగే వేసుకోండి. మూడేళ్ళకు కొంటే 37,170 అవుతుంది, అద్దెకైతే 31,860. సరిగ్గా నాలుగేళ్ళకు రెండూ 42,480 దగ్గర కలుస్తాయి. ఈ పనిలో నిలబడతామో లేదో తెలియని మొదటి ఏడాది అద్దే మేలు. ఒక్క సిల్వర్ లైసెన్స్‌లో ఎన్ని కంపెనీలైనా సృష్టించుకోవచ్చు, షాపుకొక లైసెన్స్ అక్కర్లేదు. ఇంకో మాట: మీరు లెక్కలు రాసే షాపులో ఇప్పటికే లైసెన్స్ ఉంటే వాళ్ళ కంప్యూటర్ మీదే పనిచేయండి, లెక్కలు రాయించుకునే షాపు మూడోది దొరికాక మీది తీసుకోండి. రెన్యువల్ కట్టకపోయినా కొన్న లైసెన్స్‌లో ఎంట్రీలు ఆగవు. కొత్త రిలీజ్‌లు, జీఎస్టీ పోర్టల్‌తో నేరుగా కలిపే సదుపాయాలు ఆగిపోతాయి.

ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం. అందులో నెలలో 1, 2 లాంటి కొన్ని తేదీలు మాత్రమే ఎంట్రీలకు పనిచేస్తాయి. నేర్చుకోవడానికి అది చాలు. ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, ఈ ఆరూ కీబోర్డు చూడకుండా రావాలి. ఎంట్రీ మధ్యలో కొత్త లెడ్జర్ (ఒక పేరు మీద ఉండే ఖాతా) కావాలంటే ఆల్ట్+సి, ఏ రిపోర్టుకైనా ఆల్ట్+జి. వీటికి వారం చాలు. మిగతా సమయమంతా గ్రూపుల మీద, అంటే లెడ్జర్లను చేర్చే వర్గాల మీద పెట్టండి. ట్యాలీలో ముందుగానే ఉండే గ్రూపులు 28, లెడ్జర్లు మాత్రం రెండే: క్యాష్, ప్రాఫిట్ అండ్ లాస్. మిగిలిన ప్రతి లెడ్జర్‌నీ ఏ గ్రూపు కింద పెట్టాలో మీరే తేల్చాలి. ట్యాలీ పని వచ్చు అంటే అసలు అర్థం ఇదే.

అక్కడ జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. షాపు ఖాతా నుంచి పిల్లల స్కూలు ఫీజు కట్టారు. దాన్ని ఖర్చుల్లో రాస్తే లాభం తప్పుతుంది. అది డ్రాయింగ్స్ (ఓనరు సొంతానికి వాడుకున్న డబ్బు), క్యాపిటల్ అకౌంట్ కింద ఉండాలి. హమాలీ, సరుకు తెచ్చిన ఆటో కిరాయి డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్‌లోకి, షాపు అద్దె, కరెంటు బిల్లు ఇన్‌డైరెక్ట్‌లోకి. ఇవి తారుమారైనా నికర లాభం మారదు, గ్రాస్ ప్రాఫిట్ మాత్రం ఏడాదికో రకంగా కనపడి, ఆడిటర్ గారు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఇక చిట్టీలు. మన ఊళ్ళలో చిట్టీ కట్టని షాపు అరుదు, ఏ ట్యాలీ కోర్సులోనూ దీన్ని నేర్పినట్టు కనపడదు. నెలనెలా కట్టే వాయిదా ఖర్చు కింద రాయకూడదు. పాట పాడి ఎత్తేదాకా అది మనకు రావాల్సిన డబ్బు, లోన్స్ అండ్ అడ్వాన్సెస్ (అసెట్) కింద ఒక లెడ్జర్. ఎత్తినప్పుడు వచ్చిన మొత్తం అదే లెడ్జర్‌కి జమ. అప్పుడు నిల్వ క్రెడిట్‌కి తిరుగుతుంది. అంటే ఇక మనమే బాకీ. ఆ లెడ్జర్‌ని అలాగే వదిలేస్తే బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు మైనస్‌లో కూర్చుంటుంది. గ్రూపు మార్చి లోన్స్ (లయబిలిటీ) కిందకి తేవాలి. చిట్టీ ముగిశాక మిగిలిన తేడా లాభమో నష్టమో ఒక్క జర్నల్‌తో తేల్చేయాలి. ఎత్తిన డబ్బును అమ్మకాల్లో కలిపేసిన పుస్తకాలూ ఉంటాయి. ఆ ఏడాది లాభం ఎందుకు ఎగిరిందో ఓనరుకే అర్థం కాదు.

పాత షాపు లెక్కలు చేతికి తీసుకున్నప్పుడు మొదటి పరీక్ష ఓపెనింగ్ బ్యాలెన్సులు. నిరుడు ఆడిటర్ గారు సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీట్, మార్చి 31 నాటికి ఏ పార్టీ (సరుకు ఇచ్చేవాళ్ళు, కొనేవాళ్ళు) ఎంత బాకీ అన్న జాబితా, రెండూ చేతిలో ఉంటేగానీ ఏప్రిల్ 1 ఎంట్రీ మొదలుపెట్టకండి. ఎక్కించాక ట్రయల్ బ్యాలెన్స్ అడుగున ‘డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్’ అని వరుస కనపడితే ఎక్కడో తప్పిందన్నమాట. చాలామంది అక్కడ సస్పెన్స్ లెడ్జర్ (తేలని తేడాను పడేసే ఖాతా) పెట్టి మూసేస్తారు. అది చేయొద్దు, వెతకండి. తేడా 18,400 ఉంటే 9,200 ఉన్న లెడ్జర్ చూడండి, డెబిట్‌లో రాయాల్సింది క్రెడిట్‌లో రాస్తే తేడా రెట్టింపు వస్తుంది. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి: 5,430కి బదులు 5,340 కొడితే తేడా 90. పాత పద్దుల పుస్తకాల నాటి ఈ రెండు చిట్కాలు కంప్యూటర్ మీద కూడా పనిచేస్తాయి.

సరుకు నిల్వ విషయంలో ట్యాలీ సామర్థ్యం గొప్పదే, అయినా కిరాణా షాపుకి వేల ఐటమ్‌లతో ఇన్వెంటరీ పెట్టాలని ఉత్సాహపడకండి. ఒకే సరుకు రెండు పేర్లతో ఎక్కి, ఒకటి నెగెటివ్‌లోకి పోయి, ఇంకోటి గోడౌన్‌లో లేని నిల్వ చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, ఇన్వెంటరీల అనుసంధానం ఆపేసి, మార్చి 31న లెక్కపెట్టిన నిల్వ విలువను స్టాక్-ఇన్-హ్యాండ్ లెడ్జర్‌లో చేత్తో ఇవ్వండి. అది మర్చిపోతే ఏడాది కొనుగోళ్ళన్నీ ఖర్చయిపోయినట్టు చూపించి షాపును నష్టంలో పడేస్తుంది.

జీఎస్టీ దగ్గర మన రెండు రాష్ట్రాలవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది స్టేట్ కోడ్. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఖమ్మం షాపు విజయవాడ డీలరు దగ్గర 20 బస్తాల సిమెంటు, బస్తా 300 చొప్పున కొన్నదనుకోండి. సరుకు విలువ 6,000, దాని మీద 18 శాతం ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి కొంటే పడే పన్ను) 1,080, బిల్లు 7,080. పార్టీ లెడ్జర్‌లో రాష్ట్రం తెలంగాణ అని పడి ఉంటే ట్యాలీ అదే 1,080ని రాష్ట్రం లోపల కొన్నట్టు సీజీఎస్టీ 540, ఎస్‌జీఎస్టీ 540గా విడగొడుతుంది. మొత్తం సరిపోతుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనదు, కొనుగోలు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకునే నాడు పోర్టల్‌తో కలవదు. కాబట్టి పార్టీని సృష్టించేటప్పుడు ముందు నంబరు కొట్టి, రాష్ట్రం దానితో సరిపోయిందో లేదో చూశాకే సేవ్ చేసే కంట్రోల్+ఎ నొక్కండి.

అదే సిమెంటు మీద 2025 సెప్టెంబర్ 22కి ముందు పన్ను 28 శాతం. ఆ రోజు నుంచి 12, 28 శ్లాబులు చాలావరకు పోవడంతో చాలా ఐటమ్‌ల రేట్లు మారాయి. ట్యాలీ ఇక్కడ మంచి పని చేస్తుంది. ఐటమ్ మాస్టర్‌లో ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ఇచ్చి కొత్త రేటు రాస్తే, పాత బిల్లులు పాత రేటుతోనే ఉంటాయి. తేదీ ఇవ్వకుండా పాత రేటు మీదే కొత్తది దిద్దితే మాత్రం వెనకటి బిల్లులు తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ ప్రమాదమే. అంతకుముందు 28తో అమ్మిన సరుకు ఆ తర్వాత వాపసు వస్తే క్రెడిట్ నోట్ కూడా 28తోనే వేయాలి, అక్కడ రేటును చేత్తో మార్చాలి.

రిటర్నుల విషయంలో ఈ ప్రోగ్రామ్ తన ధరకు న్యాయం చేస్తుంది. నెలనెలా దాఖలు చేసేవాళ్ళకు మరుసటి నెలలో జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు 11, 2బి (సప్లయర్లు చూపించిన మన కొనుగోళ్ళ జాబితా) వచ్చేది 14న, 3బి (పన్ను కట్టే రిటర్ను) గడువు 20. టర్నోవరు 5 కోట్ల లోపుండి మూడు నెలలకోసారి దాఖలు చేసే పద్ధతి ఎంచుకుంటే గడువులు 13, 22. మధ్య నెలల పన్ను మాత్రం 25లోగా కట్టేయాలి. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, నిల్ (లావాదేవీలు లేని) రిటర్ను అయితే 20. జీఎస్టీఆర్-1 రిపోర్టులో ‘అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్’ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ సున్నా అయ్యేదాకా అప్‌లోడ్ జోలికి వెళ్ళొద్దు. 14 తర్వాత 2బిని దిగుమతి చేసి పుస్తకాలతో పోల్చితే, పోర్టల్‌లో మాత్రమే ఉన్నవి, మన దగ్గర మాత్రమే ఉన్నవి విడివిడిగా చూపిస్తుంది. కలవని బిల్లుల్లో చాలావాటికి కారణం చిన్నదే: సప్లయర్ బిల్లు మీద ‘25-26/0147’ అని ఉంటే మనవాళ్ళు ఉట్టి ‘147’ అని కొడతారు. బిల్లు నంబరు సున్నాలతో, గీతలతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించండి. సప్లయరు అసలు బిల్లే చూపించకపోతే ఆ నెల క్రెడిట్ ఆపి, ఓనరు చేత ఫోన్ చేయించండి. ఆ ఫోన్ మీరు చేస్తే రాని కదలిక ఓనరు చేస్తే వస్తుంది, పేమెంట్ చేసేది ఆయనే కదా.

బ్యాంకు రికన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకాలు సరిచూడటం) వాయిదా వేయొద్దు, వారానికోసారి చేయండి. స్టేట్‌మెంట్‌ని ఎక్సెల్‌లో దింపి దిగుమతి చేసుకోవచ్చు. చిన్న షాపుల్లో అసలు చిక్కు క్యూఆర్ స్కానర్లతో. కౌంటర్ మీది క్యూఆర్ ఓనరు గారి సొంత సేవింగ్స్ ఖాతాకో, కొడుకు ఖాతాకో ముడిపడి ఉంటుంది. మొదటి నెలలోనే కరెంట్ ఖాతాకి మార్పించండి, లేదంటే అమ్మకం ఉండి డబ్బు కనపడదు, నగదు మైనస్‌లోకి పోతుంది. క్యాష్ నెగెటివ్ అయితే ట్యాలీ హెచ్చరిక చూపిస్తుంది గానీ ఎంట్రీని ఆపదు. నెలాఖరులో ఎక్సెప్షన్ రిపోర్ట్స్‌లో నెగెటివ్ లెడ్జర్లు తెరిచి చూడండి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇచ్చిన ఖర్చు ఆదాయపు పన్నులో చెల్లదు కాబట్టి, అలాంటివి కనపడగానే ఓనరుకు చెప్పండి. ఎంట్రీని రెండు రోజులకు విడగొట్టి రాయమంటే ఒప్పుకోవద్దు, రసీదు మీద తేదీ ఒకటే ఉంటుంది.

లోపాల దగ్గరికి వస్తే, విండోస్ కంప్యూటర్ ఉండాల్సిందే, మ్యాక్‌లో నేరుగా నడవదు. ఫోన్‌లో బిల్లు కొట్టుకునే షాపుకి వ్యాపార్ లాంటివి సుళువు, మందుల షాపులో బ్యాచ్, ఎక్స్‌పైరీ లెక్కలకు మార్గ్ వాడేవాళ్ళు ఎక్కువ. అన్నిటికన్నా ఇబ్బంది రిలీజ్ తేడా. కొత్త రిలీజ్‌లోకి మార్చిన డేటా పాతదాంట్లో తెరుచుకోదు. మీరు అప్‌డేట్ చేసి పంపితే ఆడిటర్ గారి ఆఫీసులో తెరవలేక రిటర్ను గడువు ముందు రోజు ఫోన్ వస్తుంది. వాళ్ళ దగ్గర ఏ రిలీజ్ ఉందో అడిగాకే అప్‌డేట్ నొక్కండి. డేటాకు తాళం వేసే ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డ్ మర్చిపోతే డేటా తిరిగి రాదు, కంపెనీవాళ్ళు కూడా తెరవలేరు. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఓనరు బీరువాలో పెట్టించండి. రోజూ పని ముగిశాక ఆల్ట్+వై నుంచి బ్యాకప్ తీసి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి క్లౌడ్‌లో ఉంచండి. పనిచేస్తున్న డేటా ఫోల్డర్‌నే సింక్ అయ్యే క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టొద్దు, ఎంట్రీ మధ్యలో ఫైళ్ళు కదిలితే డేటా పాడవుతుంది. క్రాక్ వెర్షన్ ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఇంకొకరి వ్యాపారం లెక్కలు మీ చేతిలో ఉన్నాయి.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పని వస్తే ఇంకో నియమం ఉంది: 2023 ఏప్రిల్ 1 నుంచి ఎంట్రీల మార్పుల చరిత్రను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. దానికి ట్యాలీలో ఎడిట్ లాగ్ ఉంది. అది వాడుతున్నారని నిర్ధారించుకున్నాకే మొదటి ఎంట్రీ వేయండి.

లైసెన్స్ తీసుకునే రోజు డీలరు ముందే కూర్చుని, అడ్మిన్ ఈమెయిల్‌గా మీ ఐడీయే పెట్టించండి. హడావిడిలో డీలరు తన ఈమెయిల్ పెట్టేస్తే, తర్వాత కంప్యూటర్ మార్చి లైసెన్స్ సరెండర్ చేయాలన్నా, మళ్ళీ యాక్టివేట్ చేయాలన్నా ప్రతిసారీ ఆయన్ని బతిమాలుకోవాలి. సీరియల్ నంబరు ఉన్న ఇన్‌వాయిస్ మీ పేరు మీదే తీసుకోండి.