చెవి కింద గడ్డకు తక్కువ మోతాదు సీటీ: విశాఖ మహారాణిపేటలోని ఒక స్కానింగ్ కేంద్రంపై మా అనుభవం

మా మామగారికి ఎడమ చెవి తమ్మె కింద ఉసిరికాయంత గడ్డ కనిపించి ఏడాది దాటింది. నొప్పి లేదు కాబట్టి ఆయన దాని ఊసే ఎత్తలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు గవదబిళ్ళలేమోనని నాలుగు రోజులు పసుపు, సున్నం కలిపి పూశారు. చివరకు ఈఎన్‌టీ డాక్టరు చేత్తో తడిమి చూసి, అది పెరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో పుట్టిన కణితి అని చెప్పారు. అల్ట్రాసౌండ్ తీయించి సూది పరీక్ష చేయిస్తే, కణాలు సరిపడా రాలేదని ఫలితం తేలలేదు. గుండెకు పాత పేస్‌మేకర్ ఉన్నందువల్ల ఎంఆర్ఐ వద్దనుకుని, బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి మందు ఎక్కించి తీసే మెడ సీటీ రాశారు. అలా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల వరసగా ఉన్న స్కానింగ్ కేంద్రాల్లో ‘తక్కువ రేడియేషన్ సీటీ’ అని బోర్డు పెట్టిన ఒక కేంద్రానికి వెళ్ళాము.

ముందుగా ఆ బోర్డు సంగతి. రిసెప్షన్‌లోని అమ్మాయి ‘మా దగ్గర రేడియేషన్ అసలు లేనట్టేనండి’ అని అందరికీ ఒకే మాట చెబుతోంది. అది సరికాదు. దవడ కింది గ్రంథి నాళంలో రాయి ఉందేమో చూడడానికైతే మోతాదు బాగా తగ్గించినా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే రాయి చుట్టూ ఉన్న కండ కంటే ఎన్నో రెట్లు తెల్లగా కనబడుతుంది. కణితి అలా కాదు. గ్రంథికీ దానికీ మధ్య తేడా చాలా సన్నగా ఉంటుంది, మోతాదు తగ్గేకొద్దీ బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు పెరిగి ఆ తేడాను మింగేస్తాయి. కాబట్టి తక్కువ మోతాదు అన్న మాట కంటే, దాన్ని ఏ విధంగా తగ్గించారన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు లోపలి గదిలో మంచి సమాధానమే దొరికింది. టెక్నీషియన్ ఓపికగా వివరించిన దాని ప్రకారం, ఎక్స్‌రే గొట్టానికి మామూలుగా ఇచ్చే 120 కిలోవోల్టులకు బదులు 100 పెట్టారు. ఆ స్థాయిలో ఎక్కించిన మందులోని అయోడిన్ మరింత ప్రకాశవంతంగా కనబడుతుంది కనుక, పెరిగిన చుక్కలను కంప్యూటర్ సవరించాక కణితి అంచులు చెడిపోవు. అంతకంటే నాకు నచ్చిన విషయం మరొకటి ఉంది: మందు లేకుండా ఒకసారి, మందుతో ఒకసారి అని రెండుసార్లు తీయకుండా, డాక్టరు చీటీ చదివి మందుతో ఒక్కసారే తీశారు. పుర్రె అడుగు నుంచి మెడ మొదలు వరకే తీశారు, ఛాతీ జోలికి పోలేదు. మోతాదులో అసలైన పొదుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

స్కాన్ జరిగిన తీరు కూడా శ్రద్ధగానే ఉంది. మధుమేహం ఉందని చెప్పగానే క్రియాటినిన్ రిపోర్టు అడిగి, మూత్రపిండాల పనితీరు చూశాకే మందు సిద్ధం చేశారు. మామగారి కట్టుడు పళ్ళు తీయించి చేతిరుమాలులో చుట్టి నాకిచ్చారు. లోహం అడ్డొస్తే బొమ్మ మీద చారలు పడి గ్రంథి కనబడదట. ‘ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, భయపడకండి తాతగారూ, నేను చెప్పేదాకా గుటక వేయకండి’ అని ముందే చెప్పారు. ఆయన కంగారులో ఒకసారి గుటక వేశారు గానీ, అదృష్టవశాత్తు అది స్కాన్ మొదలుకాక ముందే.

ఇక అసంతృప్తి. మోతాదు తక్కువని అంత ప్రచారం చేసే చోట రిపోర్టులో ఆ అంకె ఎక్కడా లేదు. అడిగితే తెరమీద చూపించారు: డీఎల్‌పీ (స్కాన్ మొత్తానికి యంత్రం ఇచ్చిన రేడియేషన్ లెక్క) 240. మెడకు వాడే గుణకం 0.0059తో హెచ్చిస్తే సుమారు 1.4 మిల్లీసీవర్టులు (శరీరానికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) వస్తుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందే రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్టులు కాబట్టి, ఇది దాదాపు ఏడు నెలల వాటా. (సహజంగానే రేడియేషన్ వెలువరించే మోనజైట్ ఖనిజం కలిసిన భీమిలి ఇసుకలో ఆడుకుంటూ పెరిగిన మా మామగారు ఈ లెక్క విని నవ్వేశారు.) ఇంత మంచి అంకెను దాచుకోవలసిన అవసరమేమిటో నాకు అర్థం కాలేదు.

అంతకంటే పెద్ద లోపం రిపోర్టులోనే జరిగింది. ఎడమ గ్రంథి తోక భాగంలో (కింది కొసలో) 2.6 సెంటీమీటర్ల గడ్డ, కుడివైపు చేతికి తగలని 8 మిల్లీమీటర్ల మరొక చిన్న గడ్డ ఉన్నాయి. మొదటి ప్రతిలో ఈ రెండు కొలతలూ తారుమారయ్యాయి. గడ్డ కంటికి కనబడుతోంది కాబట్టి నేను గుర్తుపట్టాను. లోపల దాగిన కణితి అయితే గుర్తుపట్టేవారెవరు? గంటలో సవరించి ఇచ్చారు, కానీ క్షమించమన్న మాట ఒక్కటీ రాలేదు. మందు ఖర్చు వేరుగా ఉంటుందన్న సంగతి కూడా బిల్లు చేతికొచ్చాకే తెలిసింది.

అయితే చిత్రాల నాణ్యతను తప్పుపట్టలేను. కుడివైపు గడ్డను పట్టుకున్నది ఈ స్కానే. రెండువైపులా ఉండడం, తోక భాగంలో ఉండడం, మామగారు నలభై ఏళ్ళుగా చుట్ట కాల్చడం, ఈ మూడూ కలిపి చూసి రేడియాలజిస్టు ‘వార్థిన్ కణితి కావచ్చు’ అని, అంటే లాలాజల గ్రంథిలో వచ్చే ఒక రకం హానికరం కాని కణితి అని రాశారు. రెండోసారి చేసిన సూది పరీక్షలో అదే తేలింది. పెరోటిడ్ కణితుల్లో దాదాపు 80 శాతం హానికరం కానివేనని డాక్టరు ముందే ధైర్యం చెప్పినా, ఆ కాగితం చూసేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఎముక తరిగిపోవడం, రాళ్ళు, మెడలోని లింఫ్ గ్రంథుల వాపు చూడడానికి, ఎంఆర్ఐ వీలుకానివారికి ఈ కేంద్రం పనికొస్తుంది. ముఖం ఒకవైపు వాలిపోవడం, తిమ్మిరి వంటి నరాల లక్షణాలు ఉన్నవారు మాత్రం తక్కువ మోతాదు అన్న మాటకు ఆకర్షితులై ఇక్కడికి రాకుండా, ఎంఆర్ఐ గురించి డాక్టరును అడగండి. నరం వెంట పాకే కణితిని అది మెరుగ్గా చూపుతుంది. వెళ్ళేవారు ఫిల్ములతో పాటు సీడీ, డోస్ పేజీ (మోతాదు అంకెలుండే పేజీ) ప్రింటు అడిగి తీసుకోండి, కుడిఎడమలు సరిచూసుకున్నాకే కౌంటరు వదలండి.