కమాను పట్టీ మచ్చు: కొమ్మలకు భేష్, మొద్దులకు దండగ

బెంగళూరు శివార్లలో సైటు కొన్నవాళ్లకు ముందుగా ఎదురయ్యేది లాంటానా పొద. దాన్ని నరకడానికి హార్డ్‌వేర్ అంగళ్లలో రెండు రకాల కత్తులు కనిపిస్తాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేకు మచ్చేటి. రెండోది కమ్మరి లారీ కమాను పట్టీని (లీఫ్ స్ప్రింగ్) సాగగొట్టి చేసిన మచ్చు: వెన్ను ఐదారు మిల్లీమీటర్లు, అలుగు పన్నెండు అంగుళాల పైచిలుకు, కొన దగ్గర కొక్కెంలా వంపు. ఏళ్ల తరబడి వాడాక నా ఓటు మచ్చుకే. రేకు కత్తి గడ్డికీ లేత కాడలకూ బాగుంటుంది, ముదురు కట్టె తగిలితే ఎగిరిపడుతుంది.

కొనేటప్పుడు అంచు మీద ఆకురాయి ఒకసారి ఆడించి చూడండి. మైనంలా తెగితే ఉక్కు మెత్తన, వారానికే మొద్దుబారుతుంది. అసలు పట్టకుండా జారిపోతే మరీ గట్టి, ముడి తగలగానే పెచ్చు లేస్తుంది. కష్టంగా పట్టాలి. పిడిలోకి దూరే తోక సన్నటి మేకులా ఉంటే వద్దు. పిడి పొడవునా పట్టీ వచ్చి రివెట్లు ఉన్నదే తీసుకోండి. ఎండాకాలం కర్ర కుంచించుకుని రివెట్లు వదులవుతాయి. ఈ మచ్చుకు అదే పెద్ద లోపం. ఊగుతున్న పిడితో ఒక్క దెబ్బ కూడా వేయొద్దు.

మణికట్టు లావు కొమ్మ దీనికి హద్దు. అంతకు మించితే రంపమో గొడ్డలో పట్టండి. కొమ్మకు సూటిగా అడ్డంగా దెబ్బ వేస్తే కత్తి ఇరుక్కుంటుంది. నలభై ఐదు డిగ్రీల వాలులో ఒకటి ఇటు, ఒకటి అటు వేస్తూ గాటు వెడల్పును కొమ్మ లావుకు సమానంగా ఉంచాలి. బరువున్న కొమ్మకు ముందు కింది నుంచి గాటు పెట్టండి, లేకపోతే విరిగేటప్పుడు మాను బెరడు ఒలుచుకుపోతుంది. లాంటానాను కొక్కెంతో లాగి నేలకు ఆనించి నరకండి. ఏటవాలుగా వదిలిన మోడు చెప్పు చీల్చుకుని పాదంలో దిగుతుంది. వేరు తవ్వకపోతే మళ్లీ చిగురిస్తుంది, అది కత్తి తప్పు కాదు. పొయ్యి కట్టెలకు సిల్వర్ ఓక్ సులువుగా చీలుతుంది. నీలగిరి మెలిక తిరిగిన నారతో ఏడిపిస్తుంది, ముఖ్యంగా ఎండాక.

పదునుకు గ్రైండర్ వద్దే వద్దు. అంచు నీలం తిరిగిందంటే వేడికి అక్కడి ఉక్కు మెత్తబడినట్టే. ఆకురాయిని ముందుకే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి, తర్వాత సానరాయి. బ్లేడులా సన్నం చేస్తే మొదటి ముడికే మడత పడుతుంది. పని అయ్యాక జిగురు తుడిచి కుట్టుమిషను నూనె రాయండి. వంటనూనె బంకలా గడ్డకడుతుంది.

చెట్టునే కొట్టేయాలనుకుంటే కత్తి కన్నా ముందు 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం కింద వృక్షాధికారి అనుమతి చూసుకోండి. తొమ్మిది అంగుళాలు మించిన కత్తుల మీద ఆయుధ నియమాల ఆంక్ష ఉంది, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు కూడా ఉంది. కానీ రాత్రిపూట తనిఖీలో ఆ వాదన నడపడం కష్టం. గోనెసంచిలో చుట్టి, ఆకురాయీ చేతి తొడుగులతో పాటు డిక్కీలో పెట్టుకెళ్లండి.