పప్పులో ఎనిపి దాచాలా, డాల్మాలో ముక్కగా చూపించాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగిళ్లలో ఒకరోజు పప్పు ఉడికితే ఇంకోరోజు డాల్మా, అంటే కూరముక్కలు వేసి వండే ఒడియా పప్పు, ఉడుకుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు కూరముక్క కనబడగానే నోరు బిగించేసుకుంటుంటే ఏం చేయాలో తోచని అమ్మలకు ఈ రెండు వంటలూ రెండు దారులు చూపిస్తాయి. కూరను పప్పులో కలిపేసి తెలియకుండా తినిపించడం ఒకటి, ముక్కను ముక్కలాగే కంచంలో పెట్టడం రెండోది.

మొదటిదాని లాభం ఆ పూటే కనిపిస్తుంది. ఆనపకాయో తోటకూరో కందిపప్పుతో కలిపి ఉడికించి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, నెయ్యి వేసి అన్నంలో కలిపితే నాలుగు ముద్దలు హాయిగా లోపలికి పోతాయి. గుమ్మడిలో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి కనుక ఆ నెయ్యి రుచి కోసం మాత్రమే కాదు. జ్వరం తగ్గి నీరసంగా ఉన్నప్పుడు, పళ్లొస్తూ చిరాకు పడుతున్నప్పుడు నేనైతే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే పెట్టమంటాను.

అయితే అలా తిన్న బిడ్డకు అలవాటయ్యేది పప్పన్నమే, తోటకూర కాదు. దాని రంగు చూడలేదు, విడిగా రుచి తెలియలేదు. రేపు వేపుడు చేసి పెడితే మళ్లీ కొత్త వస్తువే. పైగా ముద్దలో చిన్న పీచు తగిలినా నాలుకతో బయటికి నెట్టేసే వయసు అది. రెండుసార్లు అలా దొరికిపోయామంటే పప్పన్నం మీద కూడా అనుమానం మొదలవుతుంది. ఇష్టంగా తినే ఒక్కటీ పోతే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ.

డాల్మాలో అరటికాయ, పచ్చి బొప్పాయి, గుమ్మడికాయ, వంకాయ పప్పులోనే ఉడికినా ముక్క ముక్కగానే కనిపిస్తాయి. పప్పు రుచి బిడ్డకు తెలిసిందే, ముక్క ఒక్కటే కొత్త. భయం సగం తగ్గేది ఇక్కడే. కారం పడకముందే, అంటే ఎండుమిర్చి తాలింపూ వేయించిన జీలకర్ర-మిర్చి పొడీ కలపకముందే, పిల్లల వాటా చిన్న గిన్నెలోకి తీసేయాలి.

గుమ్మడి ముక్క ఒక్కటి, మెత్తగా ఉడికింది, కంచంలో ఓ పక్కన పెట్టి చూడండి. ముందు వేలితో నొక్కుతారు. పసుప్పచ్చగా నలిగితే ఆ వేలు చూసుకుంటారు, నాకుతారు, మొహం చిట్లిస్తారు, ఒక్కోసారి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తారు. ఉమ్మేశారంటే రుచి చూశారనే అర్థం, దాన్ని ఓటమిగా లెక్కెయ్యకండి. కొత్త తిండిని అనుమానించడం రెండేళ్ల నుంచి ఐదారేళ్ల దాకా పిల్లల్లో మామూలే. ఒక కూర నచ్చడానికి 8-10 సార్లు, కొందరికి 15 సార్ల దాకా రుచి చూడాల్సి వస్తుంది. చాలా ఇళ్లలో మూడు నాలుగుసార్లకే 'మావాడికి పడదు' అని తేల్చేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఇంకో వారం ఓపిక పడితే తినేవారేమో కదా! పిల్లల నాలుకకు చేదు పెద్దలకన్నా గట్టిగా తగులుతుంది కాబట్టి గుమ్మడి, క్యారెట్, చిలగడదుంపతో మొదలుపెట్టి కాకర, మెంతికూర తర్వాతికి ఉంచడం మంచిది.

ఫోన్ చూపిస్తూ కుక్కడం, 'ఇది తింటే చాక్లెట్ ఇస్తా' అనడం ఈ రెంటికీ సాటి రావు. మొదటిదానిలో ఏం తింటున్నారో వాళ్లకే తెలియదు. రెండోదానితో చాక్లెట్ గొప్పదీ, కూర శిక్షా అయిపోతాయి.

నా ఓటు డాల్మా పద్ధతికే. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది బిడ్డ ఇష్టం అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. 'ఒక్క ముద్ద, అమ్మ కోసం' అని నాయనమ్మలు బతిమాలేది ప్రేమతోనే, కానీ మొహం తిప్పేసుకున్నాక ఆపేయడమే మేలు. అలాగని ఎనపడం మానేయక్కర్లేదు. దానిలో తప్పల్లా దాచడమే. 'ఇందులో గుమ్మడికాయ వేశానమ్మా' అని చెప్పి, పైన ఒక ముక్క కనబడేలా పెడితే కడుపూ నిండుతుంది, పరిచయమూ అవుతుంది. మీ కంచంలోనూ అదే ఉండాలి సుమా. నాన్న పక్కకు నెట్టేసిన వంకాయ బిడ్డ ఎందుకు తింటాడు?

ఏ పద్ధతైనా ఆకలి లేనిదే పనిచేయదు. రోజుకు అరలీటరు మించి పాలు, మధ్యమధ్యలో బిస్కెట్లు పడితే భోజనానికి చోటుండదు. ముక్క వేళ్ల మధ్య నలిగేంత మెత్తగా ఉడకాలి, పచ్చి క్యారెట్ ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి, ములక్కాడైతే గుజ్జు తీసి పెట్టాలి. అంగన్‌వాడీలో తూచినప్పుడు బరువు పెరగకపోయినా, ముక్క ఏదైనా సరే ప్రతిసారీ వాంతి చేసుకుంటున్నా వంట మార్చి చూద్దామని ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.