క్థుల్హూను ముద్దుగా గీయాలంటే ఏది మేలు: పసిపాపను చేయడమా, ఉన్నదున్నట్టు ఉంచడమా?

1928 ఫిబ్రవరిలో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో అచ్చయిన క్థుల్హూ కథలో అమెరికన్ భీతికథల రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్, క్థుల్హూ అనే సముద్ర రాక్షసిని చెక్కిన ఒక చిన్న రాతి విగ్రహాన్ని వర్ణిస్తాడు. ఏడెనిమిది అంగుళాల ఎత్తున్న ఆ విగ్రహంలో ఆక్టోపస్ తల, ముఖమంతా వేలాడే టెంటకిల్స్, పొలుసుల ఒళ్లు, వీపున సన్నని పొడవాటి రెక్కలు గల ఆకారం ఒకటి పీఠం మీద గొంతుక్కూర్చుని, పైకి లేచిన మోకాళ్లను ముందరి పంజాలతో పట్టుకుని, తల ముందుకు వంచుకుని ఉంటుంది. టెంటకిల్స్ కొసలు ఆ పంజాలను తాకుతూ ఉంటాయి. భయపెట్టడానికే రాసిన ఈ వర్ణనను పెన్సిల్ చేతపట్టుకుని చదివితే మాత్రం మరో సంగతి కనబడుతుంది. ఇది అలిగి మూల కూర్చున్న పిల్లవాడి భంగిమ. సముద్ర గర్భంలోని ఈ విశ్వభీతి (కాస్మిక్ హారర్) జీవులను ముద్దుగా గీయాలనుకునేవారు ఎంచుకోవలసిన రెండు దారులూ ఈ ఒక్క విగ్రహం దగ్గరే చీలిపోతాయి: జీవి కొలతలను మార్చి పసిపాపను చేయడం ఒకటి, కొలతలను ముట్టుకోకుండా దాని తీరును, అది చేస్తున్న పనిని మార్చడం రెండవది.

మొదటి దారి అందరికీ తెలిసినదే. దాని వెనుక ఉన్న సూత్రాన్ని 1943లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ చెప్పాడు: పెద్ద తల, ఎత్తయిన నుదురు, ముఖంలో కాస్త కిందికి అమరిన పెద్ద కళ్లు, బూరెబుగ్గలు, పొట్టి కాళ్లూ చేతులూ కనిపిస్తే మనిషికి లాలించాలనిపిస్తుంది. 1979లో జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ మిక్కీ మౌస్ పాత బొమ్మలనూ కొత్త బొమ్మలనూ కొలిచి చూసి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఎలుక చిన్నపిల్లవాడి వైపే జరిగిందని, దాని కన్ను తల పొడవులో 27 శాతం నుంచి 42 శాతానికి పెరిగిందని చూపించాడు. జపాన్ చిబి శైలిలో మొత్తం బొమ్మ రెండు మూడు తలల ఎత్తుకు మించకపోవడం కూడా ఈ లెక్కకు లోబడినదే. క్థుల్హూకు దీన్ని వర్తింపజేయడం చాలా తేలిక. తలను ఒంటి అంత చేసి, కళ్లను మధ్యగీతకు దిగువన పెట్టి, రెక్కలను అరచేతులంత కుదించి, పంజాలను గుండ్రటి ముద్దలుగా మారిస్తే పది నిమిషాలలో బొమ్మ తయారవుతుంది. స్టిక్కర్‌గానో, కీచైన్‌గానో, ఫోన్‌లో ఎమోజీ అంత పరిమాణంలోనో వాడుకునే బొమ్మకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని ఒప్పుకోవాలి, ఎందుకంటే అంత చిన్న చోట గుండ్రటి తల, రెండు కళ్లు, గడ్డంలా నాలుగు టెంటకిల్స్ తప్ప మరేదీ కంటికి ఆనదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నేను ఈ పద్ధతిలో గీసిన మొదటి క్థుల్హూను చూసినవారందరూ ఆక్టోపస్ చాలా బాగుందన్నారు. తప్పు వారిది కాదు. కుదించిన రెక్కలు తల వెనుక దాగిపోయాయి, పొలుసులు నున్నగా మారిపోయాయి, పంజాలు కనిపించకుండా పోయాయి. మిగిలింది నిజంగా ఆక్టోపస్సే. ఇదే కొలతలు పెట్టి క్రాకెన్ అనే పురాణ సముద్ర రాక్షసిని గీసినా, పీతను గీసినా, చివరికి ఏనుగును గీసినా ముఖం ఒకటే వస్తుంది, తొడుగు మాత్రం మారుతుంది.

అంతకంటే లోతైన ఇబ్బంది కళ్లలో ఉంది. కథలోని విగ్రహ వర్ణనలో కళ్ల ప్రస్తావన లేదు; 1934లో లవ్‌క్రాఫ్ట్ స్వయంగా ఒక మిత్రుడి కోసం గీసిన స్కెచ్‌లో మాత్రం తలకు ఒకవైపే మూడు కళ్లు కనిపిస్తాయి. ఆ మూడింటిలో ఏదీ చూసేవారి వైపు చూస్తున్నట్టు ఉండదు. అతని కథలలో భయానికి అసలు కారణం రాక్షసి ఆకారం కాదు. అంత పెద్ద జీవికి మనిషి ఉన్నాడన్న స్పృహే లేకపోవడం. పసిపాప ముద్దుతనం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది, ‘నన్ను ఎత్తుకో, నాకు నువ్వు కావాలి’ అన్న చూపులోనే అదంతా ఉంటుంది. కాబట్టి రెండు పెద్ద కళ్లు పెట్టి, ఒక్కో కనుపాపలో తెల్లని మెరుపుచుక్క వేసి మన వైపు తిప్పిన క్షణంలోనే ఆ జీవి విశ్వభీతి లోకం నుంచి బయటికి వచ్చేస్తుంది. టెంటకిల్స్ ఎన్ని గీసినా దాన్ని తిరిగి లోపలికి పంపలేము.

అయితే మనల్ని పట్టించుకోని జీవి ముద్దుగా ఉండకూడదా అంటే, పిల్లిని చూడండి. అది మన వైపు వీపు తిప్పి కూర్చున్నప్పుడే మరీ ముద్దొస్తుంది. రెండవ దారికి ఆధారం ఇదే. తల పరిమాణాన్ని పెంచనక్కర్లేదు, రెక్కలను కుదించనక్కర్లేదు, మూడేసి కళ్లను చెరపనక్కర్లేదు. ఆ మహాకాయం తనకు మాత్రమే ముఖ్యమైన ఏదో చిన్న పనిలో మునిగి ఉన్నట్టు గీయాలి. పీఠం మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్న అదే క్థుల్హూ టెంటకిల్స్‌లో ఒక చిన్న చేప చిక్కుకుందనుకోండి. చేప కంగారు పడుతోంది, క్థుల్హూ గమనించనే లేదు, తల వంచుకుని కునికిపాట్లు పడుతోంది. కథ ప్రకారం అది మునిగిపోయిన ర్‌ల్యే నగరంలో నిద్రిస్తూ ఎదురుచూసే జీవి కాబట్టి, ఆ కునుకు మనం బయటినుంచి తెచ్చి అతికించినది కూడా కాదు. ఇక్కడ నవ్వూ ఉంది, జాలీ ఉంది, ఆ చేప స్థానంలో మనల్ని ఊహించుకుంటే కాస్త వణుకూ ఉంది.

దీనికి చెల్లించవలసిన మూల్యం ఓపిక. మడిచిన కాళ్ల మీద బరువు ఎలా పడుతుందో, పెద్ద రెక్క భుజం దగ్గర ఎలా మొదలవుతుందో తెలియకపోతే ఈ బొమ్మ ముద్దుగా కాదు, వికారంగా తయారవుతుంది. దూరం నుంచి చూసినా ఆకారం తెలియాలి కనుక, మొత్తాన్ని ఒకే నలుపుతో నింపి ఔట్‌లైన్ సరిపోతోందో లేదో పరీక్షించుకున్న తర్వాతే లోపలి వివరాలకు వెళ్లాలి.

జీవి మారితే తీర్పు కూడా మారుతుంది. 1931లో రాసి 1936లో వెలువడిన ఇన్స్‌మౌత్ అనే ఊరి కథలోని డీప్ వన్స్ అనే నీటిజీవులను తీసుకుంటే, వాటికి చేప తల, ఎన్నడూ మూతపడని ఉబ్బుకళ్లు, మెడ పక్కన కొట్టుకునే మొప్పలు, వేళ్ల మధ్య పొర, తెల్లటి పొట్ట ఉంటాయి. అవి ఒకసారి రెండు కాళ్ల మీద, ఒకసారి నాలుగు కాళ్ల మీద గెంతుతూ నడుస్తాయి. లోరెంజ్ చెప్పిన పెద్ద కళ్లు పుట్టుకతోనే ఉన్న జీవికి మొదటి దారి కొత్తగా ఇచ్చేది చాలా తక్కువ. వీటిని కప్పలా గీస్తే చాలు, సగం పని అయిపోతుంది. కాకపోతే రెప్పలు లేవు కాబట్టి, చిబి బొమ్మలలో సంతోషానికి గుర్తుగా వేసే వంపుగీతల కళ్లు ఇక్కడ చెల్లవు. ఆ పనిని మొప్పల చేత చేయించవచ్చు: విప్పారితే ఉత్సాహం, వాలిపోతే దిగులు. ఈ కథ విషయంలో ఒక జాగ్రత్త కూడా అవసరం. జాతుల కలయిక పట్ల లవ్‌క్రాఫ్ట్‌కు ఉన్న జుగుప్స ఇందులో దాపరికం లేకుండా కనిపిస్తుంది. సగం మనిషి, సగం చేప అయిన ఊరివారి ముఖాలను వ్యంగ్యచిత్రంగా మార్చడం కంటే, పూర్తిగా నీటిజీవులైన వాటినే గీయడం మంచిదని నేను అనుకుంటాను.

లవ్‌క్రాఫ్ట్ మరో కథలోని షోగాత్ దగ్గర మొదటి దారి పూర్తిగా చేతులెత్తేస్తుంది. నీటి అడుగున బరువు పనులు చేయించుకోవడానికి సృష్టించిన ఈ జిగురుముద్దకు తల లేదు, ఒళ్లు లేదు. బంతిలా ముడుచుకుంటే సుమారు 15 అడుగుల వ్యాసం ఉంటుంది, కళ్లు బుడగల్లా పుట్టి కరిగిపోతుంటాయి. తలే లేనప్పుడు తలకూ ఒంటికీ నిష్పత్తి ఎక్కడ? రెండు కళ్లు, ఒక నోరు పెట్టి జెల్లీ ముద్దలా గీయవచ్చు, కానీ అలాంటివి కొల్లలుగా ఉన్నాయి. పాతిక కళ్లు పెట్టి, అన్నీ ఒక సీతాకోకచిలుక వైపు తిరిగి ఉండగా, అప్పుడే పుట్టిన ఒక్క కన్ను మాత్రం నిద్రమత్తుతో మరోవైపు చూస్తున్నట్టు గీస్తే, కళ్లు ఎక్కువవడమే ముద్దుతనానికి కారణమవుతుంది.

డేగాన్ పేరుతో 1917లో రాసిన కథలోని జీవి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది నీటిలోంచి లేచి ఒక రాతిస్తంభాన్ని పొలుసుల చేతులతో చుట్టేసి తల వంచుతుంది. రచయితే కౌగిలిని ఇచ్చాడు, మనం గీసుకోవడమే తరువాయి.

రెండు దారులకూ నడుమ ఒక సందు ఉంది, దాన్ని నిజమైన సముద్రజీవులు చూపిస్తాయి. చెవుల్లాంటి రెక్కలున్న డంబో ఆక్టోపస్‌ను దాదాపు 7,000 మీటర్ల లోతులో కూడా చూశారు. ఎవరూ కొలతలు మార్చకుండానే అది చిబి బొమ్మలా ఉంటుంది. ‘నరకపు రక్తపిశాచి స్క్విడ్’ అని అర్థం వచ్చే శాస్త్రీయ నామం 1903లో పొందిన వాంపైర్ స్క్విడ్ నిజానికి మహా అయితే అడుగు పొడవుండి, పైనుంచి రాలిపడే సేంద్రియ నలుసులను తిని బతుకుతుంది. ఆక్టోపస్ కనుపాప గుండ్రంగా కాక అడ్డంగా పరచుకున్న పట్టీలా ఉంటుంది, తల ఎటు వాలినా అది దాదాపు సమతలంగానే నిలుస్తుంది. క్థుల్హూకు పెద్ద కళ్లు పెట్టక తప్పదనుకుంటే గుండ్రటి నల్ల కనుపాప బదులు ఈ అడ్డపట్టీ వేసి చూడండి. కళ్లు పెద్దవే అయినా చూపు మన మీద నిలవదు, ముఖానికి ఒక బద్ధకపు నిర్లక్ష్యం వస్తుంది. టెంటకిల్స్ విషయంలో కూడా ఇలాంటి చిన్న మార్పే పని చేస్తుంది: మొదలు నుంచి కొస దాకా క్రమంగా సన్నబడే గీత పాములా కనిపిస్తుంది, కొస దగ్గర కాస్త బొద్దుగా ఆగి లోపలికి చుట్టుకునే గీత పసివాడి పిడికిలిలా కనిపిస్తుంది. రంగుల దగ్గరకు వస్తే, మొదటి దారిలో లేత గులాబీ, లేత ఆకుపచ్చ బాగానే ఒదుగుతాయి. రెండవ దారిలో మాత్రం కథలోని రాతి రంగునే, అంటే బంగారు చుక్కలు మెరిసే ఆకుపచ్చని నలుపునే ఉంచడం మేలు, ఎందుకంటే ముదురు రంగు ఒంటి మీదే ఆ చిక్కుకున్న చిన్న చేప వెలిగినట్టు కనబడుతుంది.

బొమ్మలను అమ్మాలనుకునేవారికి ఒక మాట. లవ్‌క్రాఫ్ట్ 1937లో మరణించాడు. మరణానంతరం 70 ఏళ్ల హక్కు ఉండే దేశాలలో ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది, 1928 నాటి కథ అమెరికాలోనూ అందరి సొత్తు. ఆ తర్వాత ఇతర చిత్రకారులూ ఆటల కంపెనీలూ రూపొందించిన క్థుల్హూలు మాత్రం అలా కావు. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను కాక, కథలోని వాక్యాలనే ముందు పెట్టుకుని గీయడం అన్ని విధాలా క్షేమం.

అంగుళం మించని బొమ్మ కావాలంటే పసిపాపను చేయండి. కాగితం నిండా గీయడానికి తీరిక ఉంటే నా ఓటు రెండవ దారికే. గీసిన బొమ్మ ఏ దారిలో నడిచిందో తేల్చుకోవడానికి నేను ఒక పని చేస్తాను: బొటనవేలితో కళ్లను మూసి మిగతా భాగాన్ని చూస్తాను. అప్పుడు కూడా ఆ మడిచిన మోకాళ్లను, వంగిన మెడను చూసి ముద్దొస్తే ఇంకు వేయడం మొదలుపెడతాను. లేకపోతే కళ్లు చెరిపేసి, భంగిమను మళ్లీ మొదటి నుంచి గీస్తాను.