ఎస్టీమ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ గేజ్: బానెట్ కింద ఒకటి, డాష్‌బోర్డు మీద ఒకటి, రెండూ వాడాక

నా బండి 2004 మోడల్ మారుతి ఎస్టీమ్, 1.3 లీటర్ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ కాదు, ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం). ఇంజన్‌కి పెట్రోల్ ఎంత ఒత్తిడితో వస్తుందో చూపే మెకానికల్ ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ దీనికి మొదట బానెట్ కింద పెట్టించాను, ఆ తర్వాత కూర్చున్న చోటు నుంచే కనబడే ఎలక్ట్రిక్ గేజ్‌కి మారాను. రెండూ ఏళ్ళ తరబడి వాడాను కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తా. బండి ఆపి బానెట్ ఎత్తి చూసే గేజ్ కొంతే చెప్తుంది, మిగతాది ఘాట్ ఎక్కుతున్నప్పుడు చూస్తేనే తెలుస్తుంది.

మా విశాఖ ఊళ్ళో తిరిగినంతసేపు నా బండికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా, బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్ళినా ఇంజన్ మెత్తగా నడిచేది. నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, డాల్ఫిన్స్ నోస్ కొండ మీదుగా యారాడ వెళ్తేనో, సింహాచలం కొండ ఎక్కితేనో మాత్రం సగంలో పికప్ పోయేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఒకటే గురగుర. గాజువాక ఆటోనగర్‌లో చూపిస్తే ఒకరు ప్లగ్గులన్నారు, ఒకరు కాయిల్ అన్నారు, ఇంకొకరు ఇంజెక్టర్లు క్లీన్ చేయించమన్నారు. మా పాత ఫిట్టర్ అయితే “పంపే పోయింది బాబూ, మార్చేస్తే ఓ పనైపోద్ది, ఇంకేటి చూడక్కర్లేదు” అన్నాడు. కొలవకుండా పంపు మార్చడం నాకు ఇష్టం లేదు. స్కానర్ పెట్టినా దీనికి సమాధానం దొరకదు, ఎందుకంటే ఈ బండి రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) మీద ప్రెషర్ కొలిచే సెన్సరే లేదు. ప్రెషర్ ఉండాల్సినంత ఉందనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో లెక్క కట్టుకుంటుంది. ఆ ప్రెషర్ నిజంగా ఉందో లేదో మనమే చూసుకోవాలి.

ముందు ఈ ప్రెషర్ ఎలా కదలాలో తెలియకపోతే గేజ్ పెట్టి ఉపయోగం లేదు. ఎస్టీమ్‌లో పెట్రోల్ రైల్ దాకా వచ్చి, మిగిలినది ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ద్వారా మళ్ళీ ట్యాంకుకి వెళ్ళిపోతుంది. ఆ రెగ్యులేటర్‌కి ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం) నుంచి ఒక సన్న వాక్యూమ్ పైపు వస్తుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, వాక్యూమ్ ఎక్కువ కాబట్టి రైల్ ప్రెషర్ తగ్గుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్రెషర్ పెరుగుతుంది. అలా ఇంజెక్టర్ లోపలికీ బయటికీ మధ్య తేడా ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూడటమే దాని పని. నా గేజ్ మీద కీ ఆన్ చేసి పంపు తిరిగిన ఆ రెండు సెకన్లకి 41 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ముల్లు నిలబడుతుంది, ఐడిల్‌లో 33కి దిగుతుంది, వాక్యూమ్ పైపు ఊడదీస్తే మళ్ళీ 41కి వెళ్తుంది. అంటే లోడ్ పడ్డప్పుడు ముల్లు పైకి పోవాలి. కిందికి దిగిందంటే పెట్రోల్ చాలినంత రావడం లేదన్నమాట.

బిగించే పనిలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది గేజ్ దగ్గర కాదు, జాయింట్ల దగ్గర. కార్బురేటర్ బండ్లలో మూడు నాలుగు పీఎస్‌ఐ ఉంటే ఎక్కువ, ఇక్కడ నలభై దాటుతుంది, మామూలు పెట్రోల్ పైపు, స్క్రూ క్లిప్పు దీనికి పనికిరావు. ఫ్యూయల్ ఇంజెక్షన్ కోసమని రాసి ఉన్న ఎస్‌ఏఈ జే30 ఆర్9 రకం పైపు తెచ్చాను, దాని క్లిప్పులు కూడా రబ్బరుని కోసేయకుండా చుట్టూ సమానంగా పట్టేవి. ఫిల్టర్ దాటాక రైల్‌లోకి వెళ్ళే పైపు మధ్యలో ఇత్తడి టీ (మూడు నోళ్ళున్న జాయింట్) వేశాం. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బయటి నుంచి వచ్చే గేజ్‌లు చాలావరకు 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు కొలత) మరతో వస్తాయి, మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఫిట్టింగులు ఎక్కువగా బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత). ఈ సైజులో అంగుళానికి ఎన్‌పీటీకి 27 మరలు, బీఎస్‌పీకి 28. రెండు మూడు చుట్లు హాయిగా తిరుగుతాయి, అక్కడ బిగుసుకుంటే సరిగ్గా పట్టిందనుకుంటాం, తర్వాత అక్కడి నుంచే కారుతుంది. లేత్ షాపులో మర గేజ్ పెట్టి చూసి ఇస్తారు, అడగండి. తెల్ల టెఫ్లాన్ టేపు వద్దు, దాని పీలికలు ఇంజెక్టర్‌లోకి పోతాయి, పెట్రోల్‌కి తట్టుకునే సీలెంట్ రాయండి. పని మొదలుపెట్టే ముందు ఇంజన్ నడుస్తుండగా పంపు రిలే పీకేసి, ఆగిపోయేదాకా నడిపి, ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ తీయండి. లేకపోతే పైపు ఊడిన క్షణంలో పెట్రోల్ మొహం మీదికి చిమ్ముతుంది. మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకోవాలి, ఇందులో మొహమాటం లేదు.

మొదట వేసింది గ్లిజరిన్ నింపిన మెకానికల్ గేజ్, 0 నుంచి 100 పీఎస్‌ఐ. ముల్లు వణకదు, కరెంటుతో పని లేదు, ధర కూడా భరించేలాగే ఉంటుంది. కానీ బానెట్ కింద వేడికి లోపలి గ్లిజరిన్ ఉబ్బి, గేజ్ డబ్బాలో ఒత్తిడి పెరిగి, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. మే నెలలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికొచ్చి చూస్తే పొద్దున కంటే నాలుగైదు పీఎస్‌ఐ తక్కువ కనబడేది. పైన ఉండే చిన్న రబ్బరు బిరడాని ఒక్కసారి తెరిచి మూస్తే సరైన చోటికి వచ్చేస్తుంది. ఈ సంగతి తెలియకపోతే పంపు వీక్ అయిందని టెన్షన్ పడతాం. ఆ సర్దుబాటు చేశాక కూడా ఆగి ఉన్న బండిలో నా రీడింగులన్నీ సరిగ్గానే వచ్చాయి, రేస్ ఇచ్చినా సరిగ్గానే. ఫిట్టర్ “పెట్రోల్ లైన్ బాగుంది బాబూ” అనేశాడు. యారాడ రోడ్డు మీద మాత్రం బండి అలాగే చచ్చుబడేది.

అప్పుడు ఎలక్ట్రిక్‌కి మారాను. దీని సెండర్ (ప్రెషర్ కొలిచి గేజ్‌కి పంపే ముక్క) ఇంజన్ బేలోనే ఉంటుంది, క్యాబిన్‌లోకి వైరు మాత్రమే వస్తుంది. మెకానికల్ గేజ్‌కే పైపు పొడిగించి డాష్‌బోర్డులో పెట్టేవాళ్ళని చూశాను. నలభై పీఎస్‌ఐ పెట్రోల్‌ని మన మోకాళ్ళ దగ్గరికి తేవడం ఎంత చవగ్గా అయినా ఒప్పుకోవద్దు. సెండర్‌ని నేరుగా టీ మీద వేలాడదీయలేదు, అది బరువైనది, ఇంజన్ ఊపుకి మర దగ్గర విరుగుతుంది. బాడీకి ఒక పట్టీ కొట్టి దానికి బిగించి, చిన్న పైపుతో కలిపాం. ఒకే వైరు ఉన్న సెండర్ అయితే మర ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది, కాబట్టి మధ్యలో రబ్బరు పైపు వస్తే ఎర్త్ తెగిపోతుంది, అందుకే నేను ఎర్త్ వైరు విడిగా ఉన్న మూడు వైర్ల రకం తీసుకున్నాను. కరెంటు ఇగ్నిషన్ నుంచి, ఫ్యూజ్ ద్వారా.

మర్నాడే యారాడ తీసుకెళ్ళాను. పక్క సీట్లో మా తమ్ముడు గేజ్ చూస్తూ అంకెలు చదువుతున్నాడు. కొండ మొదట్లో 40, వంపు తిరిగి మూడో గేర్‌లో గట్టిగా తొక్కగానే 36, 32, తర్వాత 27. పెరగాల్సిన చోట పడిపోతోంది! అంత స్పష్టంగా కనబడ్డాక ప్లగ్గులు, కాయిల్ అన్న మాటే లేదు. ఇక తేలాల్సింది ఫిల్టరా, పంపా, పంపుకి వెళ్ళే కరెంటా అనే. ఫిల్టర్ అప్పటికే కొత్తది. వెనక సీటు ఎత్తి పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాం. బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులుంటే అక్కడ 11 కూడా లేవు. ఎర్త్ వైరు బాడీకి కలిసే బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఆ ఉప్పు గాలి ఏ లోహాన్నీ వదిలిపెట్టదు, విశాఖలో పాత బండి ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆ తక్కువ వోల్టేజీతో పంపు ఐడిల్‌కి సరిపడా తోస్తుంది, కొండ ఎక్కేటప్పుడు కావాల్సినంత తోయలేదు. బోల్టు గీకి, కొత్త లగ్ వేసి, గ్రీజు పూశాం. పంపు మార్చలేదు, ట్యాంకు దించలేదు. ఆ తర్వాత యారాడే కాదు, శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొత్తం అరకు దాకా ముల్లు 40 దగ్గరే నిలబడింది.

గేజ్ అలాగే ఉంచేయడం వల్ల ఇంకో లాభం ఈమధ్యే తెలిసింది. ఎండాకాలంలో బండి వేడిగా ఉన్నప్పుడు ఆపి, కొంచెంసేపు ఆగి స్టార్ట్ చేస్తే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వచ్చేది, పెట్రోల్ వాసన, మైలేజ్ కూడా తగ్గింది. ఇంజన్ ఆపాక గంట తర్వాత కూడా సగానికి పైగా నిలిచి ఉండే ప్రెషర్ ఇప్పుడు కొద్ది నిమిషాల్లోనే సున్నాకి పోతోంది. ఇలాంటప్పుడు తప్పు మూడు చోట్లలో ఉండొచ్చు: పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంపులోని చెక్ వాల్వ్, కారే ఇంజెక్టర్, లేదా రెగ్యులేటర్. వాక్యూమ్ పైపు పీకి చూస్తే లోపల తడి, పెట్రోల్. రెగ్యులేటర్ డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగి, పెట్రోల్ నేరుగా మానిఫోల్డ్‌లోకి వెళ్తోంది. రెగ్యులేటర్ మారిస్తే సరిపోయింది. పైపు పొడిగా ఉండి ఉంటే ఇంజన్ ఆపిన వెంటనే, ట్యాంకుకి తిరిగి వెళ్ళే రిటర్న్ రబ్బరు పైపుని గుడ్డ చుట్టి నొక్కి పట్టి చూడాలి, అప్పుడు ప్రెషర్ నిలిస్తే రెగ్యులేటర్ సీటు, నిలవకపోతే చెక్ వాల్వో ఇంజెక్టరో. పంపు తిరుగుతుండగా మాత్రం నొక్కి ఉంచొద్దు, దాని మీద భారం పడుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. ఎలక్ట్రిక్ గేజ్ ముల్లు వానాకాలంలో అప్పుడప్పుడు ఎగిరెగిరి పడేది, సెండర్ కనెక్టర్‌లో తేమ చేరి. శుభ్రం చేసి డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టాక తగ్గింది. రాత్రి వేళ దాని లైటు మరీ ఎక్కువ, అద్దంలో ప్రతిబింబం కళ్ళకి కొడుతుంది, మసక చేసే ఏర్పాటు కంపెనీ ఇవ్వలేదు. ఇంకా, మనం కలిపిన ప్రతి జాయింటూ కారడానికి ఒక కొత్త చోటే. అందుకే నెలకోసారి బానెట్ ఎత్తి క్లిప్పుల దగ్గర వేలు పెట్టి చూస్తాను, వాసన చూస్తాను. ఇప్పుడు బంకుల్లో ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోస్తున్నారు కాబట్టి పాత రబ్బరు పైపుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. టీ వేయించేటప్పుడే ఇంజన్ బేలోని పాత పెట్రోల్ పైపులన్నీ ఆర్9వి వేయించేయండి.

బండి బాగానే నడుస్తుంటే, ఒక్కసారి చెక్ చేసుకోవాలంతే అనుకుంటే, మెకానిక్ దగ్గర ఉండే టెస్ట్ గేజ్ చాలు, శాశ్వతంగా పెట్టక్కర్లేదు. కొండ మీదో, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడో మాత్రమే పికప్ పోయే బండి అయితే ఎలక్ట్రిక్‌దే తీసుకోండి, మెకానికల్ మీద డబ్బు పెట్టొద్దు. కార్బురేటర్ మారుతి 800 వాళ్ళు 0–15 పీఎస్‌ఐది కొనాలి, 100ది పెడితే ముల్లు కదిలినట్టే ఉండదు. సీఆర్‌డీఐ (కామన్ రైల్) డీజిల్ బండ్ల హై ప్రెషర్ లైన్ మీద మాత్రం ఈ గేజ్ గురించి ఆలోచించనే వద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ పైకి కూడా పోతుంది, ఈ ఫిట్టింగులేవీ ఆగవు, ఆ సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది.